గొరగనమూడి నుంచి ఆన్ ఆర్బర్ దాకా: అణుకిరణాలను కొలిచిన తెలుగు స్వామి

కిందటి ఏడాది మా మనవరాలు బడి నుంచి ఒక పెద్ద అట్ట తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. రేడియోధార్మికత చరిత్రను బొమ్మలతో చూపించాలట. బెకరెల్, క్యూరీ దంపతులు, రూథర్‌ఫర్డ్, ఛాడ్విక్, ఫెర్మీ – అందరి ఫోటోలూ వరుసగా అంటించింది. కాసేపు చూసి, "తాతయ్యా, వీళ్లలో మనవాళ్లు ఒక్కరూ లేరా?" అని అడిగింది.

"ఉన్నారమ్మా. స్వామి జ్ఞానానంద అని ఒకాయన. మన గోదావరి జిల్లా వారు. ఈ అమెరికాలోనే కొన్నేళ్లు పనిచేశారు" అన్నాను. ఆ పేరు మా అబ్బాయి వినలేదు. కోడలూ వినలేదు. తప్పు వారిది కాదు, చెప్పని మాది. ఆనాటి సంభాషణే ఈ వ్యాసానికి కారణం. స్వామివారి కథ తెలియాలంటే ఆయన దేనిని కొలిచారో తెలియాలి. అది తెలియాలంటే రేడియోధార్మికత అంటే ఏమిటో కొంచెం తెలియాలి. కనుక రెంటినీ కలిపి మనవి చేస్తాను.

1896: ఒకే ఏడాది రెండు జననాలు

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. ఆ వార్త విని పారిస్‌లో హెన్రీ బెకరెల్ యురేనియం లవణాలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎండ తగిలితే ఆ లవణం కూడా ఎక్స్‌రేల వంటి కిరణాలను ఇస్తుందేమోనని ఆయన ఊహ. ఫిబ్రవరి చివర మబ్బు పట్టి ఎండ రాలేదు. నల్లకాగితంలో చుట్టిన ఫోటో పలకనూ, దాని మీది లవణాన్నీ అలాగే సొరుగులో పెట్టేశాడు. మార్చి 1వ తేదీన పలకను కడిగి చూస్తే దాని మీద స్పష్టంగా మచ్చ పడింది. ఎండ లేదు, నిప్పు లేదు, ఎవరి ప్రేరణా లేదు. పదార్థం తనంతట తానే కిరణాలను వెలువరిస్తున్నది! 1898లో మేరీ క్యూరీ ఈ గుణానికి రేడియోధార్మికత అని పేరు పెట్టింది. ఆ సంవత్సరమే భర్త పియరీతో కలిసి పొలోనియం, రేడియం అనే కొత్త మూలకాలను పట్టుకుంది.

బెకరెల్ పలక కడిగిన ఆ 1896లోనే, డిసెంబరు 5వ తేదీన, భీమవరం దగ్గర గొరగనమూడి గ్రామంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. ఆయనే తరువాతి కాలంలో స్వామి జ్ఞానానంద. ఆయనకూ, ఆయన జీవితాంతం చదివిన విద్యకూ వయస్సు ఒకటే.

మూడు రకాల కిరణాలు

పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి. కొన్ని కేంద్రకాలు నిలకడగా ఉండలేవు. అధికంగా ఉన్న శక్తిని బయటికి విసిరి నెమ్మదిస్తాయి. ఆ విసరడమే రేడియోధార్మికత. విసిరే వస్తువును బట్టి కిరణాలకు పేర్లు వచ్చాయి. 1899లో రూథర్‌ఫర్డ్ మొదటి రెండు రకాలకు ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. 1900లో విలార్డ్ మూడవదాన్ని గుర్తించగా, దానికి తరువాత గామా అని పేరు వచ్చింది.

ఆల్ఫా కణం బరువైనది. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్ద, అంటే హీలియం కేంద్రకం. గాలిలో కొద్ది సెంటీమీటర్లు పోయేసరికి దాని బలం తీరిపోతుంది. ఒక కాగితం ముక్క దాన్ని ఆపుతుంది. మన చర్మంపై పొర కూడా ఆపుతుంది. అయితే, ఆ వస్తువు ఒంట్లోకి పోతే మాత్రం అన్నిటికంటె ఇదే ప్రమాదకరం. తన బలమంతా పక్కనే ఉన్న కణజాలం మీద చూపిస్తుంది. ఈ సత్యం అమెరికా చాలా బాధపడి నేర్చుకున్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి న్యూజెర్సీలోని ఆరంజ్‌లో, తరువాత ఇల్లినాయ్‌లోని ఒట్టావాలో యువతులు గడియారపు అంకెలకు రేడియం కలిపిన రంగు వేసేవారు. కుంచె మొన సన్నబడడానికి పెదవులతో తడిపేవారు. అలా మింగిన రేడియం ఎముకల్లో చేరి దవడలు కుళ్లిపోయాయి. న్యూజెర్సీ యువతులు న్యాయస్థానానికి వెళ్లి పోరాడి 1928లో పరిహారం సాధించారు. ఈనాడు ఈ దేశంలో రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసేవారికి ఉన్న రక్షణ నియమాల వెనుక ఆ అమ్మాయిల కన్నీరు ఉంది.

బీటా కిరణమంటే కేంద్రకం నుంచి మహావేగంతో దూసుకువచ్చే ఎలక్ట్రాన్. ఆల్ఫా కంటె ఏడువేల రెట్లు తేలిక. గాలిలో కొన్ని మీటర్లు పోగలదు. కొద్ది మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు ఆపుతుంది. గామా కిరణం వస్తువు కాదు, వెలుగు. కంటికి కనబడని, ఎంతో శక్తి గల వెలుగు. దాని ఉధృతి తగ్గించడానికి మందమైన సీసమో, కాంక్రీటు గోడో కావాలి.

ఇంకొక్క మాట తెలిస్తే చాలు: అర్ధాయువు. ఒక పదార్థంలో సగం కేంద్రకాలు మారిపోవడానికి పట్టే కాలం ఇది. రేడియానికి 1,600 సంవత్సరాలు. వైద్యులు వాడే అయోడిన్-131కి 8 రోజులు. థోరియానికి 1,400 కోట్ల సంవత్సరాలు. ఏ ఒక్క కేంద్రకం ఎప్పుడు పేలుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కోటానుకోట్లను కలిపి చూస్తే మాత్రం లెక్క తప్పదు.

యోగి బడిలో చేరాడు

లక్ష్మీనరసింహరాజుగారు యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లిపోయారు. సుమారు పదేళ్లు యోగసాధనలో గడిపారు. ఇటువంటి కథలు మన దేశంలో చాలా ఉన్నాయి. సాధారణంగా అవి ఆశ్రమంలో ముగుస్తాయి. ఈయన కథ అక్కడ మలుపు తిరిగింది.

తాను రచించిన పూర్ణసూత్రాల ముద్రణ కోసం 1927లో స్వామివారు జర్మనీ వెళ్లారు. డ్రెస్డెన్‌లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంపై ఉపన్యాసాలు విన్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై దాటింది. కాషాయం కట్టిన యోగి, ఉపన్యాసాలిచ్చి పేరు తెచ్చుకోగలిగినవాడు, గణితం, భౌతికశాస్త్రం విద్యార్థిగా కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నారు. తరువాత ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డొలేజెక్ వద్ద ఎక్స్‌రే వర్ణపటాలపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. అక్కడి నుంచి ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి, జేమ్స్ ఛాడ్విక్ వద్దకు చేరారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. మన సభల్లో తరచు వింటుంటాం, "అణువిద్య అంతా మన ప్రాచీనులకు ఎప్పుడో తెలుసు" అని. చప్పట్లు కూడా మోగుతాయి. కణాద మహర్షి పరమాణువును గురించి ఆలోచించిన మాట నిజమే, అది మనకు గర్వకారణమే. కాని మన శాస్త్రాలను మనలో చాలామంది కంటె లోతుగా చదివిన జ్ఞానానందస్వామి ఆ మాట చెప్పి ఊరుకోలేదు. తెలియనిది తెలుసుకోవడానికి నలభయ్యో పడిలో కూడా శిష్యుడై పరికరాల ముందు కూర్చున్నారు. పిల్లలకు మనం చెప్పవలసింది ఇదే.

లెక్క తప్పిన బీటా

ఛాడ్విక్ అంటే న్యూట్రాన్‌ను 1932లో కనుగొని, 1935లో నోబెల్ బహుమతి పొందిన మహానుభావుడు. అయితే, అంతకు పద్ధెనిమిదేళ్ల ముందే, 1914లో బెర్లిన్‌లో ఆయన ఒక చిక్కును బయటపెట్టాడు. ఆ చిక్కు బీటా కిరణాలది.

ఒకే రకం కేంద్రకాల నుంచి వచ్చే ఆల్ఫా కణాలకు నిర్ణీతమైన శక్తులే ఉంటాయి. కేంద్రకం రూపాయి ఖర్చు పెడితే కణం చేతిలో రూపాయే ఉంటుంది. బీటా విషయంలో ఈ లెక్క కుదరలేదు. కేంద్రకం ప్రతిసారీ రూపాయే ఖర్చు పెడుతున్నది. బయటికి వచ్చిన ఎలక్ట్రాన్ చేతిలో ఒకసారి పావలా, ఒకసారి అర్ధరూపాయి, ఒకసారి పద్నాలుగణాలు. మిగతా సొమ్ము ఏమైనట్టు? శక్తి నశించదన్న నియమమే ఇక్కడ చెల్లదేమోనని నీల్స్ బోర్ అంతటివాడు కూడా సందేహించాడు. 1930లో పౌలీ మరో మాట చెప్పాడు: పంపకంలో కనబడని భాగస్థుడు ఒకడున్నాడు, మిగతా సొమ్ము వాడు తీసుకుపోతున్నాడు. ఆ భాగస్థుడికి న్యూట్రినో అని పేరు వచ్చింది. 1934లో ఫెర్మీ దీన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. ఇక ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో బీటా కిరణాల శక్తిని సూక్ష్మంగా కొలవడం ముఖ్యమైన పని అయింది. స్వామివారు లివర్‌పూల్‌లో చేపట్టిన పని ఇదే: అయస్కాంతంతో బీటా వర్ణపటాన్ని కొలవడం. ఆ కృషికి ఆ విశ్వవిద్యాలయం ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది.

అయస్కాంతంతో ఎలా కొలుస్తారు? సైకిలు తొక్కేవాడిని తలచుకోండి. నెమ్మదిగా వచ్చేవాడు చిన్న మలుపులో తిరుగుతాడు. జోరుగా వచ్చేవాడికి పెద్ద మలుపు కావాలి. అయస్కాంతం మధ్య ఎలక్ట్రాన్లు కూడా అంతే. శక్తి తక్కువైనది చిన్న వలయంలో, ఎక్కువైనది పెద్ద వలయంలో తిరుగుతుంది. ఎక్కడ వచ్చి పడిందో చూస్తే దాని శక్తి తెలిసిపోతుంది.

కాని దారిలో గాలి ఉంటే పని చెడుతుంది. తిరునాళ్ల జనంలో పరుగెత్తేవాడు పదిమందికి తగిలి వేగం పోగొట్టుకున్నట్టు, ఎలక్ట్రాన్ గాలి అణువులకు తగిలి శక్తి పోగొట్టుకుంటుంది. అప్పుడు మనం కొలిచేది కేంద్రకం ఇచ్చిన శక్తిని కాదు, గాలి మిగిల్చిన శక్తిని. కనుక పరికరంలోని గాలినంతా తోడివేయాలి. మామూలు గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని మిల్లీమీటరులో పదిలక్షల వంతుకు తగ్గించినా, ఘన సెంటీమీటరుకు ఇంకా మూడువేల కోట్లకు పైగా అణువులు మిగిలే ఉంటాయి. సంపూర్ణ శూన్యమంటే మాటలు కాదు. పంపు మంచిదై ఉండాలి, అతుకులు కారకూడదు, గాజు గోడలకు అంటుకున్న వాయువును వేడిచేసి వదిలించాలి. మిగిలినదెంతో కొలవడం మళ్లీ ఒక విద్య. స్వామివారు ఈ విద్యలో ఆరితేరారు.

ఆన్ ఆర్బర్‌లో

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో స్వామివారు అమెరికా వచ్చి, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపుల కిరణాలపై పరిశోధన సాగించారు. అది సామాన్యమైన చోటు కాదు. ఎలక్ట్రాన్ భ్రమణాన్ని ప్రతిపాదించిన ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ఆచార్యులుగా ఉన్న విశ్వవిద్యాలయం. 1930లలో అక్కడి వేసవి సదస్సులకు ఫెర్మీ వంటివారు వచ్చి పాఠాలు చెప్పారు. రేడియో ఐసోటోపులను తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం కూడా అక్కడ ఉండేది.

ఆనాటి అమెరికా మనవారికి ఎటువంటి దేశమో గుర్తుచేసుకోవాలి. 1917 చట్టం భారతీయుల వలసకు తలుపు మూసింది. 1923లో సుప్రీంకోర్టు మనవారికి పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. 1946లో గాని ఏడాదికి 100 మందికి అవకాశం రాలేదు. మనలో చాలామందికి దారి తెరిచిన చట్టం 1965 నాటిది. అంటే, మన తెలుగు సంఘాలు, గుడులు, పచ్చళ్ల దుకాణాలు ఏవీ లేని రోజుల్లో, ఒక తెలుగు సన్న్యాసి మిషిగన్ చలిలో పంపుల దగ్గర కూర్చుని గాలిని తోడుతూ ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచారు.

ఆ అనుభవమంతా ఒక గ్రంథమయింది. అధిక శూన్యతను సాధించడం, కొలవడం గురించి ఆంగ్లంలో ఆయన రాసిన 'హై వాక్యువా' అనే పుస్తకాన్ని న్యూయార్కులోని వాన్ నాస్ట్రాండ్ సంస్థ 1947లో ప్రచురించింది. శూన్యాన్ని గురించి ధ్యానించిన యోగులు చాలామంది ఉండవచ్చు. శూన్యాన్ని పాదరసపు మిల్లీమీటర్లలో కొలిచి పుస్తకం రాసిన యోగి బహుశా ఈయనొక్కరే.

స్వామివారు న్యూట్రినోను కనుగొన్నారని నేను చెప్పడం లేదు. దాన్ని 1956లో దక్షిణ కెరొలైనాలోని సవానా నది రియాక్టరు దగ్గర రైన్స్, కోవన్ అనే శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. శాస్త్రం ఒక్కరు లేపే గోవర్ధనగిరి కాదు, రామసేతువు. ఉడుతలు, వానరులు అందరూ తలా ఒక రాయి వేయాలి. బీటా కిరణాలను జాగ్రత్తగా కొలిచిన వందలాది మందిలో మన స్వామి ఒకరు. ఆ మాట చాలు.

ఆ కథ ఇంకా ముగియలేదు. షికాగో ప్రాంతపు తెలుగువారు వెళ్లే అరోరా బాలాజీ గుడికి కొద్ది మైళ్లలోనే ఫెర్మీల్యాబ్ ఉంది. అక్కడి నుంచి న్యూట్రినోలను భూమి లోపలగా సుమారు 450 మైళ్ల దూరంలోని మిన్నెసోటాకు పంపే ప్రయోగం 2005లో మొదలయింది. లెక్కలో తప్పిపోయిన ఆ పావలాయే ఈనాడు కిరణపుంజమై ప్రయాణం చేసింది.

విశాఖ తీరాన

భారతదేశం స్వతంత్రమయిన 1947లోనే స్వామివారు స్వదేశానికి మరలి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. వి.ఎస్. కృష్ణగారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కాలమది. వాల్తేరు కొండల మీద అణు భౌతికశాస్త్ర విభాగాన్ని స్వామివారే నెలకొల్పి, 1965లో పదవీ విరమణ చేసేదాకా పెంచి పెద్దచేశారు. 1969 సెప్టెంబరు 21న పరమపదించారు. అక్కడి అణు పరిశోధనాలయానికి ఆయన పేరే పెట్టారు.

తెలుగునేలకూ అణుశాస్త్రానికీ సంబంధం అంతటితో ఆగలేదు. భీమునిపట్నం తీరపు ఇసుకలో థోరియం గల మోనజైట్ ఉంది. 1971లో హైదరాబాదులో అణు ఇంధన సముదాయం ఏర్పడింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది.

భయపడడమా, కొలవడమా?

రేడియేషన్ అన్న మాట వింటేనే మనకు హిరోషిమా, పెన్సిల్వేనియాలో 1979 నాటి త్రీమైల్ ఐలండ్ గుర్తుకు వస్తాయి. భయం సహజం. కాని మన ఒంట్లోనే పొటాషియం-40 ఉంది. పెద్దవాళ్ల శరీరంలో సెకనుకు సుమారు నాలుగువేల కేంద్రకాలు మారుతుంటాయి. అరటికాయ వేపుడు తిన్నప్పుడల్లా మరికొంత చేరుతుంది, శరీరం ఎక్కువైనదాన్ని పంపేస్తుంది. మన తెలుగు వైద్యులు ఈ దేశపు ఆసుపత్రుల్లో రోజూ వాడే టెక్నీషియం 6 గంటల్లో సగమై, గామా కిరణాలతో గుండె బొమ్మ చూపిస్తుంది. 1941లో బోస్టన్‌లో మొదటిసారి థైరాయిడ్ రోగికి ఇచ్చిన రేడియో అయోడిన్, బీటా కిరణాలతో నేటికీ జబ్బు నయం చేస్తున్నది.

మరోవైపు, నిర్భయంగా కూర్చున్న చోటే ప్రమాదం ఉండవచ్చు. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఇంజనీరు వస్తుంటే హెచ్చరిక గంటలు మోగాయి. వెతికి చూస్తే ఆ ధూళి కేంద్రంలోది కాదు, ఆయన ఇంట్లోనే ఉంది! నేలలోని యురేనియం క్రమంగా మారి రేడాన్ అనే వాయువు పుడుతుంది. అది పునాది బీటల గుండా ఇంట్లో చేరుతుంది. ఊపిరితో లోపలికి పోతే ఆల్ఫా కణాలు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగతాగడం తరువాత పెద్ద కారణం ఇదే. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించుకోవాలని పర్యావరణ సంస్థ చెబుతున్నది. రంగు, వాసన లేని దాన్ని తెలుసుకునే మార్గం ఒక్కటే, కొలవడం. పరీక్ష డబ్బా ధర కొద్ది డాలర్లే. నేలమాళిగలో పిల్లల ఆటగది గాని, పూజగది గాని ఉన్నవారు ఈ ఏడే ఆ పని చేయించండి. స్వామివారు నేర్పిన పాఠమే ఇది: ఊహించి భయపడవద్దు, ఊహించి ధైర్యపడవద్దు, కొలిచి చూడండి.

ఇక మా మనవరాలి సంగతి. అట్ట మీద ఛాడ్విక్ బొమ్మ పక్కన కొంచెం చోటు మిగిలింది. అక్కడ స్వామివారి పేరు ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో కూడా రాస్తానంది. 'జ్ఞ' దగ్గర ఆగిపోయి నన్నడిగింది. చెయ్యి పట్టుకుని రాయించాను. మీ ఇంట్లో కూడా పిల్లలు అడగవచ్చు, "ఇందులో మనవాళ్లు ఎవరు?" అని. అడిగేదాకా ఆగకండి. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు సముద్రం చూపించి, విశ్వవిద్యాలయం కొండ మీదికి కూడా తీసుకువెళ్లండి. ఆ పరిశోధనాలయం గుమ్మం దగ్గర నిలబెట్టి ఈ కథ చెప్పండి.